నాలుగు రాత్రుల్లో ఆఫీసు ఐపీ అడ్రసులన్నీ మార్చిన కేసు: దొండపర్తి ఆఫీసు, ఆటోనగర్ గోడౌన్

బుధవారం సాయంత్రం 6:40కి ఫోన్ వచ్చింది. విశాఖపట్నం దొండపర్తిలో ఉన్న ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు నుంచి. వాళ్ళ నెట్‌వర్క్ పనులు ఆరేళ్ళుగా నేనే చూస్తున్నాను. "మెయిల్ ఒకటి పంపానండి, ఒకసారి చూడండి. నాకు సగం అర్థం కాలేదు గానీ సోమవారం అని మాత్రం ఉంది" అన్నారు ఎకౌంట్స్ మేనేజరు గారు.

ఈ ఆఫీసులో ఒక పెద్ద లాజిస్టిక్స్ కంపెనీ వాటా తీసుకుంది. సోమవారం ఉదయం 9 గంటల నుంచి బిల్లింగ్, గోడౌన్ లెక్కలు అన్నీ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే నడవాలి. దానికి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా వాళ్ళ నెట్‌వర్క్‌కి వేసే రహస్య దారి, కావాలి. మెయిల్ సారాంశం ఇది: మీ ఆఫీసు వాడుతున్న 192.168.0.0/23, మీ గోడౌన్ వాడుతున్న 192.168.2.0/24 రెండూ మా వేరే బ్రాంచీల్లో ఇప్పటికే ఉన్నాయి, మీకు 10.48.16.0/21 కేటాయించాం, సోమవారం లోపు మారండి. (ఐపీ అడ్రసు అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబరు. చివరి /23, /24, /21 ఆ నంబర్ల గుంపు ఎంత పెద్దదో చెబుతాయి.)

ఆఫీసులో 143 పరికరాలు, గోడౌన్‌లో 17. చేతిలో ఉన్నది నాలుగు రాత్రులు.

ఒకే అడ్రసు ఇద్దరి దగ్గర ఎలా ఉంటుందని మేనేజరు గారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ప్రైవేటు నెట్‌వర్కుల కోసం మూడు భాగాలు పక్కన పెట్టింది: 10తో మొదలయ్యేవి మొత్తం, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి మొత్తం. వీటిని ఎవరైనా ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. 10తో మొదలయ్యేవే కోటీ 67 లక్షల పైచిలుకు ఉన్నాయి. రేపు రెండు సంస్థలు కలిస్తే గొడవ వస్తుంది కాబట్టి ఈ భాగాల్లోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోండని అదే పత్రం గట్టిగా చెప్పింది కూడా. కానీ రూటర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే 192.168.0.1 అనో 192.168.1.1 అనో పెట్టుకుని వస్తాయి, మనం దాన్ని అలాగే ఉంచేస్తాం.

ఈ ఆఫీసులో అది ఉండిపోవడానికి మన ఊరి కారణం ఒకటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వీళ్ళ సర్వర్ గదిలోకి నీళ్ళొచ్చాయి. కరెంటు తిరిగొచ్చేసరికి ఎవరింట్లో ఏ రూటర్ ఉంటే అది తెచ్చి తగిలించారు. ఆ రోజుకి అదే గొప్ప. ఆ రూటర్ ఎప్పుడో పోయింది, దాని అడ్రసు మాత్రం మిగిలిపోయింది. దాని చుట్టూ ప్రింటర్లు, కెమెరాలు, టాలీ, అన్నీ అల్లుకున్నాయి. 254 అడ్రసులు సరిపోనప్పుడు మాస్క్ (ఏ నంబర్లు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పే సెట్టింగ్) మార్చి 192.168.0ని కూడా కలిపేశారు. నేను వచ్చాక ఏటా అనుకుంటూనే ఉన్నాను, దీన్ని మార్చాలని. పనిచేస్తున్నదాన్ని కదిలించడానికి ఎవరూ సెలవు ఇవ్వరు, నేనూ గట్టిగా అడగలేదు.

గొడవ ఎవరి వైపు?

బుధవారం రాత్రి మొదటి గంట కీబోర్డు ముట్టుకోకుండా కాగితం మీదే పెట్టాను. మార్చకుండా గడిచే దారి ఉందా? ఉంది. వీపీఎన్ అంచున నాట్ (దాటేటప్పుడు అడ్రసు మార్చి చూపించే ఏర్పాటు) పెట్టి, మన 192.168.1.60ని వాళ్ళకి 10.48.17.60గా చూపించవచ్చు. రాత్రి 9 గంటలకి వాళ్ళ నెట్‌వర్క్ ఇంజినీరుతో మాట్లాడితే ఒప్పుకోలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్ళ సర్వర్ నుంచి నేరుగా మన లేబుల్ ప్రింటర్లకి ప్రింట్ పంపుతుంది. ఒక్కో ప్రింటర్‌కి ఇక్కడ ఒక నంబరు, అక్కడ ఒక నంబరు ఉంటే ఏదైనా ఆగిపోయినప్పుడు ఫోన్లో ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదని ఆయన అన్నారు. నిజమే. అయినా ఒకటి అడిగి ఒప్పించాను: ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకి పని కుదరలేదనిపిస్తే, ఒక్క వారం నాట్ మీద నడుపుతాం. ఆ కాన్ఫిగరేషన్ ఇద్దరం ముందే రాసి పక్కన ఉంచుకున్నాం. వెనక్కి తగ్గే గంట ముందే రాసుకుంటే మిగతా పని టెన్షన్ లేకుండా జరుగుతుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. అడ్రసులు ఢీకొంటున్నాయంటే ఎక్కడ ఢీకొంటున్నాయి? వాళ్ళ సర్వర్లన్నీ 10తో మొదలయ్యే అడ్రసుల్లోనే ఉన్నాయి. మన కంప్యూటర్లకి వాళ్ళ 192.168.1 బ్రాంచితో పనే లేదు. అంటే గొడవంతా వాళ్ళ వైపే. వాళ్ళ రూటర్ 192.168.1కి దారి అడిగితే ఇంకో బ్రాంచి చూపిస్తుంది, మనల్ని చూపించదు. మన గోడల లోపల పాత అడ్రసు మరో నెల బతికి ఉన్నా ఎవరికీ నష్టం లేదు. వీపీఎన్‌లోకి కొత్త అడ్రసుతో వెళ్తే చాలు.

ఇది తేలాక ప్లాన్ పూర్తిగా మారిపోయింది. ఆదివారం రాత్రికల్లా పాతదంతా చచ్చిపోవాలని అప్పటిదాకా అనుకున్నాను. ఇప్పుడు పాత, కొత్త పక్కపక్కనే నడిపి, ముఖ్యమైనవి సోమవారానికి దాటించి, మిగతావి ఆ తర్వాత నిదానంగా దాటించవచ్చు.

కేటాయించిన /21ని అప్పుడే పంచాను. 10.48.16 నుంచి 19 వరకు ఆఫీసుకి, 20 గోడౌన్‌కి, మిగతాది ఖాళీ. సర్వర్లు, ప్రింటర్లు, కౌంటర్ కంప్యూటర్లు 16లో, మామూలు కంప్యూటర్లు 17లో, కెమెరాలు, హాజరు మెషీన్లు 18లో, వైఫై, ఫోన్లు 19లో. చివరి అంకె వీలైనంతవరకు పాతదే. 192.168.1.10 అన్న ఫైల్ సర్వర్ 10.48.16.10 అవుతుంది. ఆ చివరి 10, 60, 61 అక్కడి వాళ్ళకి నోటికి వచ్చు, దాన్ని పోగొట్టకూడదు.

ఎలాగూ మారుస్తున్నాం కదా, వీలాన్లుగా (ఒకే వైరింగ్ మీద వేరువేరు నెట్‌వర్కులుగా) కూడా విడగొట్టేద్దామని మా కుర్రాడు అన్నాడు. వద్దన్నాను. పొద్దున ఏదైనా ఆగిపోతే కారణం అడ్రసా, వీలానా అని వెతకాల్సిన పరిస్థితి ఉండకూడదు. ఆఫీసంతా ప్రస్తుతానికి ఒకే నెట్‌వర్క్, మాస్క్ 255.255.252.0. రేపు విడగొట్టాలంటే ఎక్కడ కోయాలో నంబర్లలోనే ఉంది.

పడుకునే ముందు ఒక్క సెట్టింగ్ మార్చాను: డీహెచ్‌సీపీ లీజు, అంటే కంప్యూటర్లకి సర్వర్ తానుగా పంచే అడ్రసు ఎంతకాలం చెల్లుతుందనేది. విండోస్ సర్వర్‌లో అది మామూలుగా 8 రోజులు. కంప్యూటర్ సగం కాలం గడిచాక, అంటే 4 రోజులకి, మళ్ళీ అడుగుతుంది. దాన్ని గంటకి తగ్గించాను. ఇప్పటికే 8 రోజుల లీజు పట్టుకుని కూర్చున్న కంప్యూటర్లకి ఈ సంగతి తెలియదు. రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసేవి గురువారమే మళ్ళీ అడిగి గంట లీజు తీసుకుంటాయి. ఈ పని శుక్రవారానికి వాయిదా వేసి ఉంటే, ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లు కొన్ని సోమవారం పాత అడ్రసుతోనే కూర్చునేవి.

ఎక్కడెక్కడ రాసి ఉంది?

అడ్రసు మార్చడం రెండు నిమిషాల పని. ఆ అడ్రసు ఎక్కడెక్కడ రాసి ఉందో కనిపెట్టడమే అసలు పని. నాలుగు రోజుల్లో రెండు రోజులు నేను దానికే ఇచ్చాను, మళ్ళీ చేయాల్సి వచ్చినా అంతే ఇస్తాను. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళే 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1900కి రీనంబరింగ్ నీడ్స్ వర్క్ అని పేరు పెట్టారు. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5887 వచ్చింది, దాని పేరు రీనంబరింగ్ స్టిల్ నీడ్స్ వర్క్, అంటే అడ్రసుల మార్పుకి ఇంకా పని మిగిలే ఉందని. ప్రోగ్రాముల్లో, కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో నేరుగా రాసేసిన అడ్రసుల బాధ రెండింటిలోనూ ఉంటుంది.

నా ఎక్సెల్ జాబితాలో 96 పరికరాలే ఉన్నాయి. మిగతావి ఎక్కడ? బుధవారం రాత్రి నుంచే ఇంటర్నెట్ ద్వారం దగ్గర కాపలా ఉండే ఫైర్‌వాల్‌లోని ఏఆర్‌పీ పట్టికని, అంటే తనతో మాట్లాడిన పరికరాల జాబితాని, ఐదు నిమిషాలకొకసారి ఒక ఫైల్లోకి దింపే స్క్రిప్టు పెట్టాను. ఒకసారి స్కాన్ చేస్తే ఆ క్షణంలో మేలుకుని ఉన్నవే దొరుకుతాయి. 24 గంటలు చూస్తే నిద్రపోయేవీ దొరుకుతాయి. అలా దొరికిందే 192.168.1.201. రోజంతా ఉండదు, రాత్రి 2 గంటలకి లేచి 3:10కి మాయమవుతుంది. పై అంతస్తులో బీరువా వెనక ఉన్న బ్యాకప్ నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే డిస్కు) అది. టైమ్ పెట్టుకుని తానే ఆన్ అయి, బ్యాకప్ తీసుకుని, తానే ఆగిపోతుంది. పగలు చేసిన స్కాన్‌లో ఎన్నటికీ కనిపించదు. అది తప్పిపోయి ఉంటే బ్యాకప్ ఆగిన సంగతి ఏ నెలకో, అవసరం పడ్డ రోజున తెలిసేది.

గురువారం ఇద్దరు కుర్రాళ్ళు మాస్కింగ్ టేపు, మార్కర్ పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగారు. ప్రతి పరికరం మీద పాత నంబరు, కింద కొత్త నంబరు రాసి అంటించారు. ప్రతి ప్రింటర్ సెట్టింగుల పేజీ ప్రింట్ తీసి దాని మీదే ఉంచారు. ఈలోగా నేను సర్వర్‌లో కూర్చుని "192.168." అన్న అక్షరాల కోసం ఐఎన్ఐ ఫైళ్ళు, బ్యాచ్ ఫైళ్ళు, లాగిన్ స్క్రిప్టులు అన్నీ జల్లెడ పట్టాను. టాలీ డేటా దారిలో సర్వర్ నంబరుంది. 22 కంప్యూటర్లలో జడ్ డ్రైవ్ ఆ నంబరు మీదే మ్యాప్ అయి ఉంది. హాజరు సాఫ్ట్‌వేర్‌లో మెషీన్ల నంబర్లు డేటాబేసులో ఉన్నాయి. జిరాక్స్ మెషీన్‌లో స్కాన్ చేస్తే ఫోల్డర్‌లో పడే ఏర్పాటుంది, ఆ మెషీన్ అడ్రస్ బుక్‌లో 14 మంది పేర్లున్నాయి, 14 చోట్లా సర్వర్ నంబరే. ఇక ఎక్సెల్ షీట్లు: ఒక షీటు ఇంకో షీటులోంచి లెక్కలు లాక్కునే లింకులు. వాటిని లెక్కపెట్టడం మానేశాను.

దొరికిన ప్రతి చోటా పాత నంబరు బదులు కొత్త నంబరు పెట్టలేదు, పేరు పెట్టాం. సర్వర్‌కి ఒక డీఎన్ఎస్ పేరు ఇచ్చి (పేరు అడిగితే అడ్రసు చెప్పే పట్టిక డీఎన్ఎస్), టాలీ దారి, డ్రైవ్ మ్యాపింగ్ అన్నీ ఆ పేరు మీదకి మార్చాం. అందులో ఒక సుఖం ఉంది: పేరు పాత అడ్రసుతోనూ పనిచేస్తుంది కాబట్టి గురువారం పట్టపగలే, అందరూ పనిచేసుకుంటుండగానే మార్చేయవచ్చు. శనివారం రాత్రికి మిగిలే భారం సగానికి తగ్గింది. పేరు పెట్టడం కుదరనివి, అంటే జిరాక్స్ మెషీన్ లాంటివి, వేరే కాగితం మీద రాసుకున్నాం.

కస్టమ్స్ వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఫైలింగ్ గురించి మేనేజరు గారు చాలా భయపడ్డారు. షిప్ వచ్చే రోజు అది ఆగితే పార్టీకి డెమరేజ్ పడుతుంది. అది మామూలు ఇంటర్నెట్ మీద నడిచేదే, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఆ కంప్యూటర్‌కే గుచ్చి ఉంటుంది, లోపలి అడ్రసుతో సంబంధం లేదు. అయినా ఆవిడ తృప్తి కోసం శుక్రవారం ట్రయల్లో ఆ కంప్యూటర్‌నే మొదట పెట్టాను.

పింగ్ వస్తోంది, టాలీ రావడం లేదు

శుక్రవారం ఉదయం ఫైర్‌వాల్ లోపలి వైపు పాత 192.168.1.1 అలాగే ఉంచి, పక్కన 10.48.16.1ని రెండో అడ్రసుగా పెట్టాను. ఫైల్ సర్వర్‌కి కూడా రెండు అడ్రసులు. ఐదు డిపార్ట్‌మెంట్ల నుంచి ఐదు కంప్యూటర్లు తీసుకుని కొత్త అడ్రసులు ఇచ్చాం. ఐస్‌గేట్ వచ్చింది, మెయిల్ వచ్చింది, ప్రింట్ వచ్చింది. నాలుగింటిలో అన్నీ బాగున్నాయి. ఐదోది, పాత బిల్లులు చూసే కంప్యూటర్, అందులో టాలీ తెరుచుకోవడం లేదు.

చూస్తే మేం వదిలేసిన కంప్యూటర్ అది. టాలీ దారి ఇంకా 192.168.1.10 మీదే ఉంది. సరే, పాత అడ్రసు సర్వర్ మీద బతికే ఉంది కదా, పనిచేయాలి కదా? పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పరీక్ష) కొడితే వెంటనే జవాబు వస్తోంది. టాలీ మాత్రం గిర్రున తిరిగి ఆగిపోతోంది. ఫోల్డర్ తెరిచినా అంతే. ఇరవై నిమిషాలు సర్వర్ అనుమతులు, యాంటీవైరస్ చూసి టైమ్ పోగొట్టుకున్నాం. తర్వాత సర్వర్ మీద ప్యాకెట్లు పట్టి చూస్తే విషయం కళ్ళకి కట్టింది.

కంప్యూటర్ అడ్రసు 10.48.17.33. అది 192.168.1.10 వేరే నెట్‌వర్క్ అనుకుని ప్యాకెట్‌ని ఫైర్‌వాల్‌కి ఇస్తుంది. ఫైర్‌వాల్ దాన్ని సర్వర్‌కి చేరుస్తుంది. ఇంతవరకు బాగుంది. జవాబిచ్చేటప్పుడు సర్వర్ చూసుకుంటుంది: నాకూ 10.48.16.10 ఉంది కదా, 17.33 నా పక్కవాడే కదా, అని ఫైర్‌వాల్‌ని వదిలేసి నేరుగా కంప్యూటర్‌కి ఇచ్చేస్తుంది. వెళ్ళిన దారి ఒకటి, వచ్చిన దారి ఒకటి. పింగ్‌కి అది పట్టదు. కానీ టాలీ, ఫోల్డర్లు వాడే టీసీపీ మూడు పలకరింపులతో మొదలవుతుంది. అందులో ఫైర్‌వాల్ మొదటి పలకరింపు చూసింది, సర్వర్ ఇచ్చిన జవాబు చూడలేదు, ఆ తర్వాత కంప్యూటర్ పంపిన మూడోది వచ్చేసరికి ఈ సంభాషణ నాకు తెలియదని పడేస్తుంది. స్టేట్ గుర్తుపెట్టుకునే ఏ ఫైర్‌వాల్ అయినా చేసేది అదే, దాని తప్పేం లేదు.

పాత, కొత్త కలిపి నడిపే ప్రతి చోటా ఇది పొంచి ఉంటుంది. పింగ్ చూసి అంతా బాగుందని ఇంటికి వెళ్ళి ఉంటే సోమవారం పొద్దున ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

మందు ఒక్క రూల్. కొత్త అడ్రసుల నుంచి పాత సర్వర్ అడ్రసుకి వెళ్ళే ప్యాకెట్ల మీద ఫైర్‌వాల్ తన సొంత అడ్రసు, 192.168.1.1, పంపినవారిగా రాస్తుంది. సర్వర్ జవాబుని ఫైర్‌వాల్‌కే ఇస్తుంది, ఫైర్‌వాల్ దాన్ని అసలు కంప్యూటర్‌కి చేరుస్తుంది. టాలీ తెరుచుకుంది. ఈ రూల్‌కి లాగ్ ఆన్ చేశాను. ఇంకా పాత నంబరు పట్టుకుని వేలాడుతున్న ప్రతి కంప్యూటర్ పేరు ఆ లాగ్‌లో పడుతుంది. మేం రెండు రోజులు తిరిగి వెతికిన జాబితా ఇకమీదట తనంతట తానే తయారవుతుంది.

శనివారం సాయంత్రం

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నమే పెట్టించిన మెసేజ్ ఇది: "సాయంత్రం వెళ్ళేముందు కంప్యూటర్ షట్‌డౌన్ చేయండి. లాక్ చేసి వదిలేయొద్దు, స్లీప్‌లో పెట్టొద్దు. సోమవారం ఏదైనా పనిచేయకపోతే మీ టేబుల్ మీది పచ్చ చీటీలో టిక్ పెట్టి మా వాళ్ళకివ్వండి. ఎవరూ సొంతంగా సెట్టింగులు మార్చొద్దు." చీటీలో నాలుగే గళ్ళు: టాలీ, ప్రింట్, ఫోల్డర్, ఇంటర్నెట్.

ఏడింటికి మొదలుపెట్టాం. ఫైర్‌వాల్, స్విచ్‌ల కాన్ఫిగరేషన్ బ్యాకప్ రెండు పెన్‌డ్రైవుల్లోకి, ఒకటి నా జేబులో, ఒకటి మేనేజరు గారి సొరుగులో. డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లు చూసే సర్వర్) అడ్రసు మార్చి, డీఎన్ఎస్‌లో మళ్ళీ నమోదు చేయించి, అది తన్ను తాను కొత్త నంబరుతో గుర్తుపడుతోందో లేదో చూసుకున్నాకే మిగతావాటి జోలికి వెళ్ళాం. ఫైల్ సర్వర్ మీద పాత అడ్రసుకి స్కిప్-యాజ్-సోర్స్ పెట్టాం. అలా పెడితే సర్వర్ ఆ అడ్రసుతో ఎవరినీ తానుగా పలకరించదు, డీఎన్ఎస్‌లోనూ నమోదు చేయదు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మాత్రం పలుకుతుంది. డీహెచ్‌సీపీలో పాత స్కోప్ (పంచే అడ్రసుల వరస), కొత్త స్కోప్ కలిపి సూపర్‌స్కోప్ చేసి, పాతదాన్ని ఆపేశాం. పాత అడ్రసు అడిగినవాడికి కుదరదని చెప్పి కొత్తది ఇస్తుంది.

కెమెరాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒకే వైరింగ్ మీద ఉంటే వేరే సబ్‌నెట్‌లో ఉన్నా వెతికి పట్టే టూల్ కెమెరా కంపెనీదే ఉంది. 24 కెమెరాలు గంటలో అయిపోయాయి, రికార్డింగ్ పెట్టె ఎన్వీఆర్‌లో నంబర్లు మార్చడానికి మరో గంట. హాజరు మెషీన్లకి మాత్రం ఎదురుగా నిలబడి చిన్న మీటలతో ఒక్కో అంకె కొట్టాలి. ఒంటిగంటన్నరకి షట్టర్ దించాం. ఆశీలమెట్ట దగ్గర టీ తాగుతుంటే కుర్రాళ్ళు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు, అంత అలిసిపోయారు.

లారీ కాటా

ఆదివారం గోడౌన్. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వరస తప్పించుకుని ఆటోనగర్ చేరేసరికి తొమ్మిదిన్నర. గోడౌన్‌లో పరికరాలు 17 అయినా భయమంతా ఒకదాని మీదే. లారీ కాటా గదిలో, గోడకి రెండు మేకుల మధ్య సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి ఉంది. కాటా ఇండికేటర్ నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ వైరు ఒక పక్క, నెట్‌వర్క్ వైరు ఇంకో పక్క. దాని మీద సగం ఊడిన కాగితం, బాల్‌పెన్నుతో 192.168.2.7. తూకం అంకెలు ఆ డబ్బాలోంచే కంప్యూటర్‌కి వస్తాయి.

కాటా ఆపరేటర్ మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "ఆ డబ్బా జోలికి ఎల్లకండి సార్. ఆర్నెల్ల కిందట కరెంటు పోయి ఆగిపోతే కాటా కంపెనీవోళ్ళు వచ్చీదాకా రెండు రోజులు లారీలు రోడ్డు మీదే ఉండిపోనాయి. నాన్నేటి చెప్తాను డ్రైవర్లకి?"

డబ్బా సెట్టింగుల పేజీ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కంపెనీ ఇంజినీరు ఫోన్ ఎత్తలేదు, ఆదివారం కదా. రీసెట్ బటన్ ఉంది. అది నొక్కితే అడ్రసుతో పాటు సీరియల్ వేగం, మిగతా సెట్టింగులు కూడా పోతాయి. అవి ఎంతో ఎక్కడా రాసి లేదు. మా కుర్రాడు ఆ నాలుగైదు వేగాలూ ఒక్కోటి ప్రయత్నిద్దామన్నాడు. ఆపరేటర్ మొహం చూశాను. ఆ డబ్బాని ముట్టుకోకూడదని నిర్ణయించాను.

కంప్యూటర్‌కి రెండో నెట్‌వర్క్ కార్డు పెడితే చాలు. శనివారం ద్వారకానగర్‌లో కొన్న యూఎస్‌బీ కార్డులు రెండు సంచిలో ఉన్నాయి, ఇలాంటిదేదో ఎదురవుతుందనే కొన్నాను. డబ్బా వైరుని స్విచ్‌లోంచి పీకి నేరుగా ఆ కార్డుకి గుచ్చాం. కార్డుకి 192.168.2.5, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి వెళ్ళే దారి) గడి ఖాళీ. గేట్‌వే ఎప్పుడూ ఒక్క కార్డుకే ఉండాలి, రెండింటికీ పెడితే కంప్యూటర్ దారి తప్పుతుంది. అసలు కార్డుకి 10.48.20.5, గేట్‌వే 10.48.20.1. డబ్బా, ఆ కార్డు ఇద్దరే ఉన్న చిన్న ద్వీపం అది. బయటి ప్రపంచానికి అక్కడ 192.168.2 ఉందనే తెలియదు. డబ్బాకి తన చుట్టూ ఏదో మారిందనే తెలియదు.

బయట నిలబడ్డ ఖాళీ లారీని కాటా మీదకి రమ్మన్నాం. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు కాసేపు ఊగి 10,240 దగ్గర నిలబడ్డాయి. ఆపరేటర్ స్క్రీన్ వైపు తిరిగాడు. 10,240. "ఒచ్చేసింది సార్" అని అప్పుడు కూర్చున్నాడు.

అప్పటికి టైము 12:50. మధ్యాహ్నం రెండు గంటల గడువుకి ముందే నాట్ అక్కర్లేదని అవతలి ఇంజినీరుకి మెసేజ్ పెట్టాను.

సోమవారం, ఆ తర్వాత

వీపీఎన్ 8:20కి లేచింది. వాళ్ళ సర్వర్ నుంచి పంపిన టెస్ట్ లేబుల్ మన ప్రింటర్‌లోంచి 8:34కి బయటికి వచ్చింది. తొమ్మిదిన్నరకి పచ్చ చీటీలు 11.

వాటిలో ఆరు ఒకే రకం. ఎకౌంట్స్‌లో కౌంటర్ కంప్యూటర్ల నుంచి ప్రింట్ వస్తోంది, ఎదురు వరస నుంచి రావడం లేదు. ప్రింటర్ ఒకటే. నాకు శుక్రవారం చూసిన జబ్బే గుర్తొచ్చింది. వెళ్ళి చూస్తే ప్రింటర్‌కి మాస్క్ 255.255.255.0 అని కొట్టారు, అలవాటు మీద చెయ్యి అలా వెళ్ళిపోతుంది. ప్రింటర్ 16లో ఉంది, కౌంటర్ కంప్యూటర్లూ 16లో ఉన్నాయి కాబట్టి వాటికి నేరుగా జవాబిస్తోంది. ఎదురు వరస 17లో ఉంది, ఆ మాస్క్‌తో చూస్తే అది వేరే ఊరు, జవాబుని ఫైర్‌వాల్ చేతిలో పెడుతోంది. 252 అని దిద్దాం. మిగిలిన ఎనిమిది ప్రింటర్లూ ఆ పూటే మళ్ళీ చూసుకున్నాం, ఇంకోదానిలో కూడా అదే ఉంది. మిగతా చీటీల్లో మూడు జిరాక్స్ మెషీన్ అడ్రస్ బుక్‌వి. ఒకటి డీఎన్ఎస్ నంబరు చేత్తో పెట్టుకున్న కంప్యూటర్. చివరిది వైరు ఊడిన కంప్యూటర్, దానికీ మాకూ సంబంధం లేదు.

పాత నంబరు రూల్ లాగ్‌లో సోమవారం 31 కంప్యూటర్లు కనిపించాయి. వాళ్ళందరికీ పని జరుగుతూనే ఉంది, తమ కంప్యూటర్ పాత దారిలో నడుస్తోందని కూడా తెలియదు. రోజుకి నలుగురైదుగురి దగ్గరికి వెళ్ళి షార్ట్‌కట్లు, ఎక్సెల్ లింకులు పేరు మీదకి మార్చాం. శుక్రవారానికి 9. రెండో వారానికి 2. మూడో వారం లాగ్ ఖాళీ.

ఇక తీసేయండి అన్నారు మేనేజరు గారు. ఒక నెల పూర్తిగా తిరిగి రానివ్వండి అన్నాను. ఎకౌంట్స్‌లో నెలకి ఒక్కసారే తెరిచే ఫైళ్ళుంటాయి. టీడీఎస్ కట్టడానికి గడువు 7, జీఎస్‌టీ రిటర్నుల్లో జీఎస్‌టీఆర్-1కి 11, 3బీకి 20. ఏడో తారీఖు ఏమీ రాలేదు. పదో తారీఖు సాయంత్రం 5:12కి లాగ్‌లో ఒక వరస, వెంటనే నలభై వరసలు. జీఎస్‌టీ చూసే అమ్మాయి కంప్యూటర్. అమ్మకాల వివరాలు పార్టీల వారీగా లాక్కొచ్చే ఎక్సెల్ మాక్రో, లోపల ప్రోగ్రాములో 192.168.1.10 అని రాసి ఉంది. ఎప్పుడో ఉద్యోగం మానేసిన అబ్బాయి రాసింది. మాక్రో తెరిచి మార్చి, ఆ అమ్మాయి చేతే నడిపించి, రిటర్న్ వెళ్ళిందాకా పక్కనే కూర్చున్నాను. "ఇది ఆగిపోయుంటే నాకు లేట్ ఫీజు పడేదండి" అంది.

ఇరవై దాటింది, లాగ్ ఖాళీగానే ఉంది. 22వ తేదీ సాయంత్రం సర్వర్ మీంచి పాత అడ్రసు తీసేశాను, ఫైర్‌వాల్ మీంచి 192.168.1.1 తీసేశాను, రూల్ తీసేశాను. నా లాప్‌టాప్‌లో 192.168.1.10కి పింగ్ పెట్టి చూశాను. నాలుగు వరసలూ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.